రెండు ఇత్తడి గుండ్లు

విజయనగరం,
6 ఫిబ్రవరి 2023

కోడలా,

నువ్వు పంపిన డ్రాయింగు అందింది. పక్కనే జిరాక్సు షాపు గోవింద్ చేత రెండింతలు పెద్దది చేయించి లేత్ మిషను ఎదురుగా గోడకు అంటించాను.

మొన్న నువ్వు ఫోను చేసినప్పుడు మీ అత్త తాయారు ఎత్తి మాట్లాడుతుంటే నేను పక్కన కూర్చుని తల ఊపాను గానీ ఒక్క ముక్క వినిపించలేదు. జూట్ మిల్లులో ఇరవై రెండేళ్లు మగ్గాల మోత మధ్య నిలబడిన చెవులివి. కాబట్టి పని సంగతి కాగితం మీదే పెట్టుకుందాం. కొలతలు కాగితం మీద ఉంటే, తర్వాత ‘నేను అలా అనలేదే’ అనడానికి నీకూ ఉండదు, నాకూ ఉండదు.

యాభై మిల్లీమీటర్ల ఇత్తడి గుండ్లు రెండు. ఒకటి గట్టిది, ఒకటి లోపల డొల్ల. పైకి చూస్తే ఏది ఏదో తెలియకూడదు. గుండ్రంలో తేడా ఐదు మైక్రాన్లు దాటకూడదు. అంటే తలవెంట్రుకలో పదోవంతు కూడా కాదు. పుణెలో రెండు పెద్ద షాపులవాళ్లు మావల్ల కాదన్నారని రాశావు. నావల్ల అవుతుంది. పార్వతీపురం నుంచి టెక్కలి దాకా రైసుమిల్లు షాఫ్టు విరిగితే నా దగ్గరికే తెస్తారు. బొబ్బిలిలో వీణలు చేసేవాళ్లు ఇత్తడి మెట్లు నా చేతే గీయించుకుంటారు. నలభై ఏళ్లలో నేను చేసిన పని ఒక్కటి వెనక్కి రాలేదు.

ఇంతకీ ఈ గుండ్లు దేనికి? మీ అత్త అడుగుతోంది: “గుండేటి, అందులో డొల్లేటి? పీహెచ్‌డీ సదివినోళ్లకి ఇంకేటీ పని లేదా?” నాకు తెలిస్తే కదా చెప్పడానికి.

మీ మావ,
అప్పలసూరి


పుణె,
20 ఫిబ్రవరి 2023

మావా,

నువ్వు ఒప్పుకున్నావని మా గైడు దేశ్‌పాండే మేడమ్‌కు చెప్పాను. ఎవరాయన అని అడిగింది. మా అమ్మకు అన్న, విజయనగరంలో టర్నరు అన్నాను. ల్యాబులో ఇద్దరు నవ్వారు. ఆ ఇద్దరినీ గుర్తుపెట్టుకున్నాను.

ఈ పార్సెల్లో ఒక టూల్ ఉంది. కొనలో వజ్రం. జర్మనీ నుంచి రావడానికి మూడు నెలలు పట్టింది, మా దగ్గర ఇంకొకటి లేదు. పై కోత ఎంతైనా నీ మామూలు టూళ్లతో తీసుకో. ఆఖరి కోత మాత్రం దీనితోనే తియ్యాలి. ఆ తర్వాత ఉక్కు టూల్ గుండును తాకకూడదు, ఎమరీ పేపరు కూడా వద్దు. ఇది తప్పనిసరి మావా.

దేనికని అడిగావు. అదంతా పెద్ద లెక్క. చాలా సన్నని తక్కెడ లాంటి పరికరం ఉంది, దానికి అనుకో. ఎప్పుడైనా వచ్చినప్పుడు చెప్తాను.

అత్తను అడిగానని చెప్పు.

రాజకుమారి


విజయనగరం,
11 ఏప్రిల్ 2023

కోడలా,

రెండు గుండ్లూ ఇవాళ రిజిస్టరు పోస్టులో వేశాను. మీ అమ్మ పంపిన పొందూరు ఖద్దరు ముక్కల్లో మీ అత్త స్వయంగా చుట్టింది. ఆ గుడ్డకు నూగు రాలదట.

మూడు రోజులు షాపు మూసి లేత్‌ను కిరసనాయిలుతో కడిగాను. షాపు పక్కనున్న ఎత్తు బ్రిడ్జి మీద లారీలు మొదలైతే నేల అదురుతుంది కాబట్టి తెల్లవారుతూనే పని మొదలుపెట్టేవాణ్ని. గాలికి దుమ్ము లేస్తుందని ఫ్యాను వెయ్యలేదు. మీ అత్త గుమ్మంలో స్టూలు వేసుకుని కూర్చుని వచ్చినవాళ్లనల్లా “లోనికెళ్లకండి, మా ఆయన గుండు సేస్తన్నాడు” అని పంపించేసేది. మిల్లులో నాతో పనిచేసిన లక్ష్ముడు అది విని, “ఒరే సూరిగా, మంగలి పని ఎప్పుడు మొదలెట్టావురా?” అని బ్రిడ్జి దిగువంతా చాటాడు.

డొల్ల గుండును రెండు గిన్నెలుగా చేసి ఒకదానిలో ఒకటి బిగించాను. అతుకు ఎక్కడుందో వేలితో తడిమి చెప్పినవాడికి నా లేత్ రాసిచ్చేస్తాను. నునుపు చూడు, నీ ముఖం కనిపిస్తుంది. అన్నీ నువ్వు చెప్పినట్టే చేశాను. వజ్రం టూల్ నా దగ్గరే ఉంచుతున్నాను, మళ్లీ పని పడితే ఉంటుంది. చేయి కుదరడానికి ముందు చేసిన మూడో గుండు ఒకటి సొరుగులో ఉంది.

కొలిచాక ఎంత వచ్చిందో దాచకుండా రాయి.

మావ


పుణె,
2 జూన్ 2023

మావా,

మూడు మైక్రాన్లు! ఐదడిగితే మూడు. ఆ రోజు నవ్విన ఇద్దరిలో ఒకడు నమ్మక మిషన్ సరిచేసుకుని మళ్లీ కొలిచాడు. రెండోసారీ మూడే. మేడమ్ గుండు అరచేతిలో పెట్టుకుని చాలాసేపు తిప్పి చూసింది, తర్వాత ఆ ఖద్దరు ముక్క అడిగి తీసుకుంది.

నేను ఆ రోజంతా తల ఎత్తుకుని తిరిగాను.

ఇక పరికరంలో పెట్టి, గాలి తీసి, నెలల తరబడి చూడటమే పని. ఉత్తరాలు ఆలస్యమైతే కోప్పడకు.

రాజకుమారి


విజయనగరం,
1 నవంబరు 2023

కోడలా,

ఆలస్యమంటే అయిదు నెలలా? నిన్ననే పైడితల్లమ్మ సిరిమాను సంబరం అయింది. వచ్చిన చుట్టాలందరికీ నీ ఉత్తరం చూపించాను. మూడు మైక్రాన్లంటే ఏమిటో చెప్పలేక ఒక్కొక్కడి తలలోంచి ఒక్కొక్క వెంట్రుక పీకి చూపించాల్సి వచ్చింది. లక్ష్ముడికి అసలే నాలుగు వెంట్రుకలు, వాడు పారిపోయాడు.

ఏమైందో రెండు ముక్కలు రాయి. మంచైనా చెడ్డైనా.

మావ


పుణె,
9 జనవరి 2024

మావా,

కూర్చుని చదువు. నీ గుండ్లు లాగుతున్నాయి. లాగాల్సినదానికంటే ఎక్కువ లాగుతున్నాయి!

ఇన్నాళ్లూ చెప్పనిది ఇవాళ మొత్తం చెప్తాను. విశ్వం విస్తరిస్తోందని, ఆ వేగం పెరుగుతోందని టీవీలో చూసి ఒకసారి నువ్వే నన్ను అడిగావు. ఎందుకు పెరుగుతోందో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. గురుత్వాకర్షణతో పాటు మనకు తెలియని ఇంకో బలం కూడా పనిచేస్తోందేమోనని కొందరి ఊహ. అలాంటిదుంటే భూమ్మీదా, గ్రహాల నడకలోనూ ఎప్పుడో బయటపడాలి కదా? పడలేదు. దానికి వాళ్లు చెప్పే జవాబు ఇది. పదార్థం దట్టంగా ఉన్నచోట ఆ బలం ముడుచుకుని మరుగున పడుతుంది. ఖాళీ చోట దూరం దాకా సాగుతుంది. చుట్టూ ఉన్నదాన్ని బట్టి మారుతుంది గనక దానికి ఊసరవెల్లి అని పేరు పెట్టారు.

ఆ ఊహ నిజమైతే, ఇత్తడి గుండు లోపలున్న ఇత్తడంతా మరుగే. పైనున్న పలచని పొర ఒక్కటే బయటి వస్తువును ఆ కొత్త బలంతో లాగగలదు. అందుకే నిన్ను రెండు గుండ్లు అడిగాం. మామూలు ఆకర్షణ బరువును బట్టి ఉంటుంది కాబట్టి డొల్లది తక్కువ లాగుతుంది. అది ఎంతో లెక్కకట్టి తీసేస్తాం. తీసేశాక కూడా రెండింటికీ ఒకే మోతాదులో అదనపు లాగుడు మిగిలిందనుకో, అది లోపలి బరువుది కాదు, పైపొరది.

గాలి తీసేసిన పెట్టెలో, వెంట్రుకకంటే సన్నని తీగకు ఒక చిన్న కడ్డీ వేలాడదీశాం. దాని పక్కకు ఒకసారి గట్టి గుండు, ఒకసారి డొల్ల గుండు తెస్తూ కడ్డీ ఎంత తిరుగుతోందో చూస్తూ వచ్చాం. తొంభై రోజులు చూశాం. రెండు గుండ్లకీ అదనం మిగిలింది. రెండింటికీ ఒక్కలాగే మిగిలింది!

ఫిబ్రవరి 16న బెంగళూరులో సదస్సు. మేడమ్ నన్నే చెప్పమంది. ‘గుండ్ల తయారీ: అప్పలసూరి, విజయనగరం’ అని స్లైడు మీద రాసుకున్నాను. ఇంకా ఎవరికీ చెప్పకు. అత్తకు చెప్పొచ్చు.

నీ
కుమారి


విజయనగరం,
27 జనవరి 2024

ఒసే కుమారీ,

ఈ ఉత్తరం పోస్టులో వెయ్యకముందే గోవింద్ చేత ఫొటో తీయించి నీ ఫోనుకు పంపిస్తున్నాను. సదస్సులో ఆ మాట చెప్పకు. ముందు ఇది చదువు.

నీ ఉత్తరం వచ్చి వారమైంది. మొదటిసారి చదివినప్పుడు కళ్లు నిండాయి. మీ అత్తకు చదివి వినిపించాను. మూడోసారి ఒక్కణ్నే కూర్చుని అర్థం చేసుకుంటూ చదువుతుంటే ‘పైపొర’ అన్న మాట దగ్గర ఆగిపోయాను.

అన్నీ నువ్వు చెప్పినట్టే చేశానని రాశాను. అది అబద్ధం.

చేయి కుదరడానికని ముందు మూడో గుండు మీద నీ వజ్రం టూల్ పెట్టాను. వెన్నలా కోసింది. సగం గుండు అయ్యేసరికి కరెంటు పోయింది. టూల్ లోపల ఉండగానే, గుండును పట్టి తిప్పే చక్ ఆగిపోయింది. కరెంటు వచ్చి చూసేసరికి కొన పెచ్చులూడి ఉంది. ఇంకొకటి లేదని నువ్వు రాశావు. పుణె వాళ్లు ఇద్దరు కాదన్న పని నేను చేస్తానన్నాను. మొదటి రోజే టూల్ విరగ్గొట్టానని రాయడానికి చెయ్యి రాలేదు. నేను సానపెట్టుకున్న ఉక్కు టూల్‌తో మిగతా సగం తీశాను. కంటికి రెండు సగాలకీ తేడా లేదు. నునుపు కోసమే కదా వజ్రం అడిగారు, నునుపు వచ్చింది కదా అనుకున్నాను. నీకు పంపిన రెండు గుండ్ల ఆఖరి కోతా ఆ ఉక్కు టూల్‌తోనే తీశాను.

ఇత్తడి మెత్తన. ఉక్కు దాని మీద రాసుకుంటే కంటికి కనపడనంత ఇనుము పైన అంటుకుని ఉండిపోతుంది. ఇది నాకు తెలియనిది కాదు. మీ పనికి అడ్డమని తెలియదు.

నిన్న పొద్దున ఆ మూడో గుండు సొరుగులోంచి తీసి, ఉప్పునీళ్లలో తడిపిన గుడ్డ చుట్టి ఉంచాను. సాయంత్రం విప్పాను. వజ్రంతో తీసిన సగం శుభ్రంగా ఉంది. ఉక్కుతో తీసిన సగం మీద సన్నగా తుప్పు చుక్కలు, ఎర్రగా, గుండు చుట్టూరా. గీత గీసినట్టు సగానికి ఆగిపోయాయి.

మీ కడ్డీకి అయస్కాంతం గుణం ఏమైనా ఉందేమో నాకు తెలియదు, నీకు తెలుసు. నాకు తెలిసింది ఒక్కటే. నీ రెండు గుండ్లకీ పైపొరలో ఇనుముంది, రెండింటికీ ఒక్కలాగే ఉంది.

అప్పలసూరి


పుణె,
31 జనవరి 2024

అప్పలసూరి గారికి,

మీ ఉత్తరం ఫొటో చూశాను. మేడమ్‌కు చెప్పాను.

ఏ రోజు ఏ టూల్ వాడారో, అంతకుముందు అదే లేత్ మీద ఏ లోహం కోశారో గుర్తున్నంతవరకు తేదీలతో రాసి సంతకం పెట్టి పంపండి. మూడో గుండును తుడవకుండా అలాగే పంపండి.

కొన విరిగిందని ఆ రోజే రాసి ఉంటే మరో మూడు నెలలు ఆగి ఇంకో టూల్ తెప్పించుకునేవాళ్లం. ఇప్పుడు పది నెలలు పోయాయి.

రాజకుమారి


విజయనగరం,
6 ఫిబ్రవరి 2024

కోడలా,

నువ్వడిగిన వివరం వేరే కాగితం మీద రాసి సంతకం పెట్టాను. గుండు డబ్బాలో ఉంది, తుడవలేదు.

నీ ఉత్తరం మీ అత్తకు చూపించలేదు. ‘గారికి’ అని, ‘మీరు’ అని ఉంది కదా. ఏం రాసిందని అడిగితే, పని సంగతులని చెప్పాను.

నిన్ను తప్పుపట్టడం లేదు. ఒక్క మాట చెప్పాలి. ఎవరైనా అడిగితే ‘తయారీలో ఏదో చిన్న పొరపాటు’ అని సర్దిచెప్పకు. విజయనగరంలో అప్పలసూరి అనే టర్నరు, చెప్పిన టూల్ విరిగితే ఆ సంగతి దాచి ఉక్కు టూల్ వాడాడు, అని పేరు పెట్టి చెప్పు. టూల్ విరగడం నా తప్పు కాదు, కరెంటు పోయింది. విరిగిందని రాయకపోవడం నా తప్పు. నలభై ఏళ్లలో నా పని వెనక్కి రాలేదని ఊరంతా చెప్పుకున్నాను. ఆ గొప్పే ఆ రోజు నాకు అడ్డుపడింది. మంచి పనికి పేరు కావాలన్నవాణ్ని, ఈ పనికి వద్దంటే కుదురుతుందా?

సదస్సుకు వెళ్లడం మానకు.

మావ


పుణె,
2 మార్చి 2024

మావా,

ముందు జరిగింది చెప్తాను.

నీ కాగితం మేడమ్‌కు మాట మాటా ఇంగ్లీషులో చెప్పాను. ఆమె లేచి మూడో గుండు పట్టుకుని కిటికీ దగ్గరకు వెళ్లి, ఆ సగానికి ఆగిన తుప్పు గీత వంక చూస్తూ నిలబడింది. తర్వాత, “అప్పటికప్పుడు ఇంత శుభ్రమైన పరీక్ష నేనూ ఆలోచించలేకపోయేదాన్ని” అంది.

నీ ఉత్తరం ఫొటో చూసిన వెంటనే రెండు గుండ్లనూ పలచని ఆమ్లంలో కడిగి పైపొర తీసేసి పరికరంలో మళ్లీ పెట్టి ఉన్నాం. వారంలో తెలిసిపోయింది. అదనపు లాగుడులో పదకొండో వంతు కూడా మిగల్లేదు. కడ్డీ పట్టుకునే చిన్న కొక్కేనికి అతి కొద్దిగా అయస్కాంతం గుణం ఉందని తర్వాత తేలింది. నీ గుండ్ల పైపొరలోని ఇనుమునే అది పట్టుకుంది.

ఆ సాయంత్రం హాస్టలు మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. నీ మీద కోపంతోనే. నువ్వు అబద్ధం రాశావని ఒకపక్క, ఆ అబద్ధం నువ్వే బయటపెట్టకపోయి ఉంటే బావుండేదన్న పాడు ఆలోచన ఒకపక్క. ఆ రెండోది నాకు ఒక్క నిమిషం నిజంగా వచ్చింది మావా. అందుకే ఇన్ని రోజులు ఉత్తరం రాయలేకపోయాను.

సదస్సుకు వెళ్లాను. దొరికిందని చెప్పాల్సిన పదిహేను నిమిషాల్లో, దొరికిందని ఎలా నమ్మామో, ఎందుకు తప్పో చెప్పాను. నువ్వు అడిగినట్టే పేరు పెట్టి చెప్పాను. మూడో గుండు ఫొటో తెర మీద వేశాను. వెనక వరసలోంచి ఒక పెద్దాయన లేచి, ఈ ఉప్పునీళ్ల పరీక్ష ఎవరిదని అడిగారు. ఆ టర్నరుదే అన్నాను. ఆయన మా మేనమామ అని కూడా అన్నాను. మా ల్యాబులో ఆ ఇద్దరూ నా పక్కనే ఉన్నారు. ఈసారి నవ్వలేదు.

ఇంకొకటి నేను ఒప్పుకోవాలి. ఉక్కు ఎందుకు తాకకూడదో నీకు చెప్పలేదు. పెద్ద లెక్క, తర్వాత చెప్తానన్నాను. నీకు అర్థం కాదనుకున్నాను, అదీ అసలు సంగతి. చెప్పిన వారంలోగా, ఇక్కడ ఆరుగురం నెలల తరబడి చూడనిది నువ్వు చూశావు. కిందటేడు ఫిబ్రవరిలో ఆ రెండు ముక్కలు రాసి ఉంటే నువ్వు ఆ ఉక్కు టూల్ ముట్టుకునేవాడివే కాదు.

కొత్త వజ్రం టూల్‌కు ఆర్డరు పెట్టాం. ఈసారి రెండు. వేరే షాపు చూద్దామని ఒకరన్నారు. మేడమ్ ఒప్పుకోలేదు. “ఆయన ఏం చేశాడో ఆయన నోటితోనే విన్నాను. కొత్తవాడు ఏం దాస్తాడో నాకేం తెలుసు?” అంది.

చేస్తావా?

నీ కుమారి


విజయనగరం,
22 జులై 2024

కుమారీ,

చేశాను. పంపాను.

ఈసారి కరెంటును నమ్ముకోలేదు. ఎస్.కోటలో పెళ్లిళ్లకు జనరేటర్లు ఇచ్చేవాడి దగ్గర నాలుగు రోజులకు ఒకటి తెప్పించి షాపు వెనక పెట్టాను. లేత్ మీద ఉక్కు పొడి ఒక్క రేణువు లేకుండా స్పీకరు అయస్కాంతంతో మూలమూలా తడిమాను. ప్రతి కోతకూ టైము, టూల్, లోతు ఒక నోటుబుక్కులో రాశాను. పక్కన సాక్షి సంతకం మీ అత్తది. మొదట విసుక్కుంది. “పెళ్లప్పుడు కూడా ఇన్ని సంతకాలు ఎట్టలేదు నాను” అంది. రెండో రోజుకి నేను టైము రాయడం మరిచిపోతే ఆవిడే కేకలేసింది: “కోత అయిపోనాది, పుస్తకంలో ఏటీ రాయలేదేటి?”

ఒక టూల్ కొన కొద్దిగా అరిగింది. విరగలేదు, అరిగింది. అదీ రాశాను. పదమూడో పేజీ చూడు.

మిగిలిన ముక్కలకు ఉప్పునీళ్ల గుడ్డ చుట్టి రెండు రోజులు ఉంచాను. చుక్క లేదు.

ఇప్పుడు నా సందేహం. దట్టంగా ఉన్నచోట ఆ బలం ముడుచుకుపోతుందన్నావు. గుండు దట్టమైనదే, సరే. మరి మీరు గాలి తీసిన ఆ పెట్టె గోడలు కూడా ఇనుమో స్టీలో, దట్టమైనవే కదా? గుండుకు గోడ దగ్గరగా ఉంటే, గోడ కూడా ఆ బలాన్ని ముడుచుకునేలా చెయ్యదా? అడిగి చెప్పు. తప్పు ప్రశ్నైతే నవ్వండి.

మావ


పుణె,
15 ఆగస్టు 2024

మావా,

తప్పు ప్రశ్న కాదు. గోడలు అణచేస్తాయి. మేం ఆ లెక్క వేసే ఉన్నాం గానీ, పాత పెట్టె ఇరుకని తెలిసీ దానితోనే సరిపెట్టుకున్నాం. నీ ఉత్తరం చదివి వినిపించాక మేడమ్ అందరి వంకా చూసి, “విజయనగరంలో ఆయనకు కూడా తోచింది, ఇక ఏ ముఖం పెట్టుకుని చిన్న పెట్టెతో మొదలుపెడదాం?” అంది. వెడల్పు పెట్టె కట్టిస్తున్నారు. ఆరు నెలలు పట్టేలా ఉంది. నా చదువు కూడా అంత సాగుతుంది. సాగనీ.

గుండ్లు కొలిచాం. రెండు మైక్రాన్లు. పదమూడో పేజీ మేడమ్ రెండుసార్లు చూసింది.

నీ కుమారి


పుణె,
24 నవంబరు 2025

మావా,

అయిపోయింది. నూట నలభై రోజులు, వెడల్పు పెట్టెలో, నీ కొత్త గుండ్లతో. అదనం సున్న. మా పరికరం చూడగలిగినంత మేరలో ఏమీ లేదు.

మొదట చెప్పుకోవడానికి ఏముందనిపించింది. తర్వాత లెక్క కట్టి గీత గీశాం. ఆ బలమనేది ఉంటే ఇంతకంటే బలహీనంగానే ఉండాలి అని చెప్పే గీత. ఇంతకుముందు మా తరహా పరికరంతో గీసిన గీతలకంటే మాది కిందికి దిగింది. అలాంటి బలం ఉందని ఊహించిన కొన్ని లెక్కలు ఈ గీతతో చెల్లకుండా పోయాయి.

పేపరు అచ్చయింది. అందులో ఒక పేరా నీ కోసం తెలుగులో రాస్తున్నాను: “మొదటి జత గుండ్ల ఆఖరి కోత ఉక్కు పనిముట్టుతో జరిగింది. పైపొరలో చేరిన ఇనుము, మేం వెతుకుతున్న సంకేతాన్నే పోలిన తప్పుడు సంకేతం ఇచ్చింది. ఈ సంగతిని గుండ్లు తయారుచేసిన అప్పలసూరి స్వయంగా గుర్తించి, పరీక్షించి, మాకు తెలియజేశారు. రెండో జతను విజయనగరంలో ఆయనే, ప్రతి కోతనూ నమోదు చేస్తూ తయారుచేశారు.” నమోదు పుస్తకం మొత్తం స్కాను చేసి పేపరుకు జతపెట్టాం. అత్త సంతకాలు నలభై ఒకటి ఉన్నాయి.

సర్దిచెప్పకూడదన్నావు. సర్దలేదు. చాలా?

నీ కుమారి


విజయనగరం,
7 డిసెంబరు 2025

కుమారీ,

చాలు. ఎక్కువే అయింది.

పేపరు గోవింద్ ప్రింటు తీశాడు. ఇంగ్లీషు పేజీలు నేను చూసుకున్నాను, బొమ్మల్లో గీత ఎక్కడుందో పోల్చుకున్నాను. మీ అత్త తన సంతకాలున్న పేజీలు విడిగా తీసుకుని ఇరుగుపొరుగుకు చూపించి వచ్చింది.

నిన్న పొద్దున షాపులో అయిదారుగురు టీ తాగుతుంటే నీ తెలుగు పేరా పైకి చదివాను. ఉక్కు పనిముట్టు అన్న మాట దగ్గర గొంతు తగ్గించలేదు, అన్ని మాటల్లాగే చదివాను. చదవడం అయ్యాక లక్ష్ముడు గ్లాసు కింద పెట్టాడు. నాకు వినిపించదని తెలుసు కాబట్టి చెవి దగ్గరకొచ్చి అరిచాడు.

“అదంతా బాగున్నాది గానీ సూరిగా, ఆకరికి ఏటి దొరికింది మీ కోడలికి?”

“ఏటీ దొరకలేదురా” అన్నాను.

“మూడేళ్లు సేసి ఏటీ దొరకలేదా?”

నేను లేత్ మీంచి చెయ్యి తీసి, నువ్వు రాసింది నాకు అర్థమైనట్టు వాడికి చెప్పాను. “ఒరే, ఇక్కడేదో ఉందని లోకమంతా ఎతుకుతన్నారు. ఒకేళ ఉన్నా, ఈ గీత కిందే ఉండాల, పైన లేదు, అని నా మేనకోడలు గీత గీసేసింది. ఇంకెవుడూ ఆ పైన ఎతకక్కర్లేదు. నీ జన్మలో ఏ గీతైనా గీసేవేటి?”

లక్ష్ముడు లేచి ఆ బొమ్మలున్న కాగితం చేతిలోకి తీసుకుని, గీత ఏదో చూపించమన్నాడు. చూపించాను. వేలితో ఒక కొస నుంచి ఇంకో కొస దాకా మెల్లగా తడిమాడు.

మావ,
అప్పలసూరి